నట్టనడుమ చీకటి

అక్కాచెల్లెళ్ళిద్దరు ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే బస్సెక్కి, ఒకే భవనంలో పనికి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ అదే బస్సులో తిరిగొస్తూ, ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడుకోకుండా ఉండడం ఎంత కష్టమో చేసి చూసినవాళ్ళకే తెలుస్తుంది. దానికి ఎంతో శ్రద్ధ కావాలి. పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడాలి. ఒకరు మరిచిపోయిన గొడుగు ఇంకొకరు తెచ్చి ఒళ్ళో పడేసినా మొహంలో ఏమీ కనబడనివ్వకూడదు. నవ్వొస్తే కిటికీలోంచి బయటికి నవ్వుకోవాలి.

బస్సు దిగాక దారులు వేరు. పెద్దది మెట్లెక్కి మూడో అంతస్తుకు పోయేది. అక్కడ కాగితాలు, కంప్యూటర్, గోడకో తెల్లబోర్డు. పరమాణువులు ఎలా మసలుకోవాలో అక్కడ కూర్చుని లెక్క కట్టడం ఆమె పని. చిన్నది మెట్లు దిగి నేలకింది గదిలోకి పోయేది. అక్కడ కిటికీలు లేవు. లేజర్లు, అద్దాలు, గుర్రుమనే పంపులు. పరమాణువులు నిజంగా ఎలా మసలుకుంటున్నాయో పట్టి చూడడం ఆమె పని. ఒకరిది చెప్పడం, ఒకరిది చూడడం. ఒకరు లేకపోతే రెండోవాళ్ళ పని సగమే. అలాంటి ఇద్దరికీ మాటల్లేవు.

కారణం ఒక కాఫీ కప్పు.

కొన్ని వారాల కిందట పెద్దది కత్తెర కావాలని కిందికి దిగింది. చెల్లెలి గదిలో గదంత ఉక్కు బల్ల ఉంటుంది. దాని మీద చిన్న చిన్న లోహపు కాళ్ళ మీద నిలబెట్టిన అద్దాలు. లేజర్ కిరణం ఒక అద్దం నుంచి ఇంకో అద్దానికి ఎగిరెగిరి చివరికి గాజుడబ్బాలో ఉన్న పరమాణువుల దగ్గరికి చేరాలి. ఆ బల్ల దగ్గర ఊపిరి కూడా అడిగి వదలాలి. పెద్దది కత్తెర వెతుకుతూ, చేతిలో ఉన్న కాఫీ కప్పును ఆ బల్ల మీద, ఒక అద్దం పక్కన పెట్టింది. కత్తెర దొరికింది, కప్పు తీసుకుంది, వెళ్ళిపోయింది. ఆ తర్వాత కిరణం దారి తప్పింది. చిన్నది దాన్ని మళ్ళీ దారిలో పెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

"నీ కప్పే చేసింది" అంది చిన్నది.

పెద్దది ఊరుకుంటుందా? పైకెళ్ళి లెక్క కట్టుకొచ్చింది. బల్ల బరువెంత, కప్పు బరువెంత, ఆ బరువుకు ఉక్కు ఎంత వంగాలి. "వెంట్రుకలో వెయ్యో వంతు కూడా వంగదు. కాబట్టి నా తప్పు లేదు. నీ అద్దాలే వదులుగా ఉన్నాయి" అని చెల్లెలి మొహానే చదివి వినిపించి వచ్చింది.

చిన్నది మర్నాడు అక్క భోజనానికి వెళ్ళిన సమయం చూసి మూడో అంతస్తు ఎక్కింది. బోర్డు నిండా పెద్దది రోజుల తరబడి కట్టుకొచ్చిన లెక్క. ఒక మూల గడి గీసి, అందులో 'చెరపవద్దు' అని రాసి ఉంది. చిన్నది గుడ్డ తడిపి బోర్డంతా తళతళలాడేలా తుడిచింది. ఆ మూల గడిని మాత్రం వదిలేసింది. పెద్దది తిరిగొచ్చేసరికి తెల్లటి బోర్డు మీద 'చెరపవద్దు' ఒక్కటే మిగిలి ఆమె వంక చూస్తోంది.

అప్పట్నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

ఇంట్లో అమ్మ నలిగిపోయింది. ఆవిడ ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో గడిచింది. ఊరందరి మాటలూ కలిపి పదవీ విరమణ చేసింది. "ఊళ్ళోవాళ్ళకు చేశాను, జీతమిచ్చారు. మీకు ఊరికే చేస్తున్నాను" అని సణుగుతూనే ఒక గదిలో మాట ఇంకో గదికి మోసేది. ఒక సాయంత్రం మసక చీకట్లో ఇద్దరూ వంటింట్లో ఫ్రిజ్ దగ్గర ఎదురుపడ్డారు. గిన్నెల చప్పుడు విని అమ్మ వచ్చి లైటు వేసేసరికి ఒకరు హాల్లోకి, ఇంకొకరు బాల్కనీలోకి.

"ఇప్పుడే కదా ఇక్కడ అలికిడైంది?" అంది అమ్మ, ఎవరూ లేని వంటింటితో. "ఫ్రిజ్ తలుపు దానంతటదే తెరుచుకుందా?"

ఇక ఆ పరమాణువుల సంగతి. ఇవి మామూలువి కావు, చలికి బిగుసుకుపోయినవి. లోకంలో ఇంతకంటే చల్లదనం లేదని గీత గీసిన చోటికి వెంట్రుకవాసి దూరంలో ఉన్నవి. ఎదురెదురుగా వదిలిన లేజర్లు ఒకదాంతో ఒకటి కలిసినచోట కాంతి గుంటలు గుంటలుగా నిలబడుతుంది, గుడ్లు పెట్టుకునే అట్టపళ్ళెం లాగా. కాకపోతే ఇక్కడ అట్ట లేదు, పళ్ళెమంతా ఉత్త వెలుతురే. ఆ గుంటల్లో పరమాణువులు కూర్చుంటాయి. ఇవి బోసాన్ల జాతి, కలుపుగోలు జాతి. ఒకే గుంటలో ఎన్ని కూర్చున్నా కూడదనే నియమం లేదు. అన్నీ ఒకే అచ్చు. ఏది ఏదని అడగడానికి లేదు, ఎక్కడ ఎన్ని అని అడగాలి.

పెద్దదాని శాస్త్రమంతా రెండంటే రెండు అంకెల మీద నిలబడింది. మొదటిదాన్ని ఆమె గెంతు అంటుంది: పక్క గుంటలోకి జారిపోవాలనే తహతహ. రెండోదాన్ని కసురు అంటుంది: తన గుంటలోకి ఇంకొకటి వస్తే కసురుకునే కసురు. గెంతుది పైచేయి అయితే అన్నీ అన్నిచోట్లా ఉంటాయి, పళ్ళెమంతా ఒకే ప్రవాహం. కసురుది పైచేయి అయితే ఎవరి గుంట వాళ్ళది, కదిలితే ఒట్టు. పరమాణువులు అంచుల నుంచి పారిపోకుండా చిన్నది ఆ పళ్ళెం నడుమను కొంచెం లోతు చేసి ఉంచుతుంది. అందువల్ల కసురు పైచేయిగా ఉన్నప్పుడు అంచుల దగ్గర గుంటకొకటి, నడుమన ఇరుకై గుంటకు రెండు ఉండాలి. రెండంతస్తుల కేకులాగా. ఇదీ పెద్దదాని లెక్క.

ఈ లెక్క మీదే ఆమె కొలువు వేలాడుతోంది. ఉద్యోగం గడువు దగ్గరపడింది. బయటి నుంచి పెద్దలు కొందరు వస్తారు, వాళ్ళ ముందు తన పని గురించి మాట్లాడాలి. వాళ్ళకు నచ్చితే ఇంకో మూడేళ్ళు మూడో అంతస్తు ఆమెది. నచ్చకపోతే బోర్డు మీది ఆ గడి కూడా ఆమే తుడుచుకుని పోవాలి.

చెల్లెలు తీసే ఫొటోలు భవనంలో అందరూ చూడగలిగేలా కంప్యూటర్లో వచ్చి పడతాయి. అడగక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. ఆ ఏర్పాటు పెద్దదానికి ఎంతో సుఖంగా ఉంది, ఒక ఉదయం కొత్త ఫొటో తెరిచేదాకా.

గుంటకో వెలుగు చుక్క. చుక్కలన్నీ కలిసి చక్కగా గుండ్రం కట్టాయి. కానీ ఆ గుండ్రం నట్టనడుమ ఏమీ లేదు. చీకటి. జనం కిక్కిరిసి ఉండాలని తను చెప్పిన చోట పిట్టైనా లేదు.

కిందికి దిగి 'ఏమే, నడుమ ఈ చీకటేమిటే?' అని అడిగితే అయిపోయేది. అడగడమా! ఆ మాట వినడానికేగా అది కాచుకుని కూర్చుంది? పెద్దది కుర్చీ లాక్కుని తన లెక్కనే మరమ్మతు చేయడానికి కూర్చుంది.

శాస్త్రం రాసేవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. లోకం తమ లెక్కకు ఒదగకపోతే లెక్కకే ఇంకో పదం అతికించవచ్చు. ఇరుకు చోటికి వెళ్ళడానికి పరమాణువులు జంకుతాయనుకుందాం, అనుకుంది. ఆ జంకు ఎంతో చెప్పడానికి ఒక కొత్త అంకె పెట్టింది. దాన్ని రేడియో మీటలా అటూ ఇటూ తిప్పింది. లెక్కలో నడుమ ఖాళీ ఏర్పడింది. ఇంకొంచెం తిప్పితే ఫొటోలో ఉన్నంత ఖాళీ ఏర్పడింది. అంత బాగా కుదిరినందుకు అనుమానం రావలసింది. ముద్దొచ్చింది.

పెద్దసారు చూసి కుర్చీలో నిలవలేకపోయాడు. ఆ విభాగానికి పెద్ద ఆయనే. మనిషి మంచివాడు, కొత్త సంగతి వింటే చంటిపిల్లాడైపోతాడు.

"అమ్మాయ్, దీనికి పేరు పెట్టావా?"

"లేదు సార్."

"బిడియం! నడుమకు రమ్మంటే రావు, సిగ్గు. బిడియపు దశ. ఎలా ఉంది?"

"బాగుంది సార్. కానీ ఇంకా కొంచెం సరిచూసుకుని..."

"చూసుకో, చూసుకో. నేను మాత్రం వచ్చేవాళ్ళకు చెప్పేశాను."

ఆయన వచ్చేవాళ్ళకే కాదు, లిఫ్టులో కలిసినవాళ్ళకు, చెట్లకు నీళ్ళు పెట్టే మనిషికి కూడా చెప్పేశాడు. బిడియం పేరు భవనమంతా సిగ్గు లేకుండా తిరిగింది. ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మ అంది:

"చిన్నది నీకో మాట చెప్పమంది. ఆ నడుమ చీకటి గురించి తొందరపడొద్దట."

"దాని సలహా నాకక్కర్లేదని చెప్పు."

"అదేదో విను ముందు."

"అమ్మా, అద్దాలు తుడుచుకునేవాళ్ళు అద్దాలు తుడుచుకోవాలి."

అమ్మ ఆ మాటను మోయలేదు. కొన్ని మాటలు దారిలో పారేయడం కూడా ఆపరేటర్ పనే.

బిడియాన్ని సరిచూసే దారి ఒకటుంది. అది నిజమే అయితే, పరమాణువులు ఎక్కువ పోసేకొద్దీ నడుమ ఖాళీ ఇంకా పెద్దది కావాలి. పెద్దది ఆ సంగతి పెద్దసారుతో చెప్పింది, పెద్దసారు చిన్నదానికి చెప్పాడు. చిన్నది పరమాణువులు దండిగా పోసి ఫొటో తీసింది. ప్రసంగం రేపనగా మధ్యాహ్నం ఆ ఫొటో వచ్చి పడింది.

బయట వెలుగు గుండ్రం ఉంది. దాని లోపల చీకటి ఉంది. ఆ చీకటి నట్టనడుమ, ఎవరో దీపం పెట్టి మరిచిపోయినట్టు, మళ్ళీ వెలుగు చుక్కల గుంపు.

పెద్దది కాసేపు గుడ్లప్పగించి చూసింది. తర్వాత, అలవాటు పడిన ప్రాణం కదా, కలం తీసుకుంది. బాగా ఇరుకైతే సిగ్గు పోయి చొరవ వస్తుందనుకుందాం. చొరవకు ఒక అంకె. సగం రాసింది. చెయ్యి ఆగింది.

రేపు ఇంకాసిన్ని పోస్తే? చొరవ నడుమ మళ్ళీ బిడియం? దాని నడుమ మళ్ళీ చొరవ? ఇవి పరమాణువులా, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళా?

కలం పక్కన పెట్టి, సొరుగులోకి తోసేసిన తన పాత లెక్కను తీసింది. ఏ అతుకూ లేని లెక్క. అందులో ఇన్ని పరమాణువులు పోస్తే అంచున గుంటకొకటి, లోపల రెండు, నట్టనడుమ మూడు. ఫొటో దాని పక్కన పెట్టింది. ఒకటికి వెలుగు. రెండుకు చీకటి. మూడుకు వెలుగు.

ఒంట్లో ఉన్న వేడంతా చెవుల్లోకి ఎక్కింది.

ఫొటో తీయాలంటే పరమాణువుల మీద వెలుతురు కొట్టాలి. ఆ వెలుతురు పడగానే ఒకే గుంటలో ఉన్న రెండు ఒకదాన్నొకటి గుద్దుకుని, రెండూ గుంటలోంచి ఎగిరిపోతాయి. మిగిలేది సున్నా. మూడుంటే రెండు పోయి ఒకటి మిగులుతుంది. ఈ సంగతి తెలియక కాదు. చదువుకునే రోజుల్లో దీని మీద పరీక్ష రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకుంది. ఫొటో తీసినవాళ్ళ మీద కోపంతో ఫొటో ఎలా తీస్తారో మరిచిపోయింది.

అంటే తను శ్రమపడి, కొత్త పదం పుట్టించి, పేరు పెట్టించి మరీ నిలబెట్టిన ఖాళీ అసలు ఖాళీయే కాదు. అందరికంటే ఎక్కువ జనం ఉన్నది అక్కడే.

కొంప మునిగింది. రేపు పెద్దల ముందు పాత లెక్కే సరైనదంటే నమ్మేదెవరు? చీకటిని చూపించి 'ఇక్కడ రెండేసి ఉన్నాయి' అంటే నవ్విపోతారు. చీకట్లో ఉన్నవాటిని బయటపెట్టాలి. ఆ పని చేయగలిగింది భవనం మొత్తం మీద ఒక్కతే.

పెద్దది మెట్లు దిగింది. చెల్లెలి గది తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. తలుపుకున్న చిన్న గాజుపలకలోంచి చూస్తే చిన్నది బల్ల మీదికి వంగి ఏదో మర తిప్పుతోంది. పెద్దది తలుపు తట్టబోయి, చెయ్యి దించి, ఫోను తీసి ఇంటికి చేసింది.

"అమ్మా, దాన్ని ఒక మాట అడగాలి."

"ఎక్కడున్నావే?"

"దాని గది బయట."

"అదెక్కడుంది?"

"లోపల."

"నేనెక్కడున్నాను?"

"ఇంట్లో."

"ఆఁ. పొయ్యి మీద కూర పెట్టుకుని ఇంట్లో ఉన్నాను. తలుపుకు అటొకరు ఇటొకరు నిలబడి, మధ్యలో ఊరవతలున్న నన్ను పెట్టారా? సరే, ఏడు. ఏమడగాలి?"

"నడుమ చీకటిగా ఉన్నచోట గుంటకు రెండున్నాయా అని."

గాజులోంచి చూస్తుంటే చిన్నది జేబులోంచి ఫోను తీసింది. విన్నది. తలెత్తి తలుపు వైపు చూసింది. పెద్దది చటుక్కున గోడ చాటుకు తప్పుకుంది.

"ఉన్నాయట" అంది అమ్మ. "ఇంకా ఏదో కూడా అంది. అది నేను చెప్పను, కన్నతల్లిని."

"మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదో అడుగు!"

కాసేపటికి అమ్మ మళ్ళీ లైన్లోకి వచ్చింది. "చెప్పి పంపానంటోంది. నిజమే, నేనే సాక్షిని. అద్దాలు తుడుచుకునేవాళ్ళు అని నువ్వన్నది మాత్రం నేను మోయలేదు. ఇప్పుడు మొయ్యమంటావా?"

"వద్దమ్మా వద్దు!"

"అయితే ఉండండి ఇద్దరూ." ఫోనులో టక్కుమంది. "లైను కలిపాను. నా కూర అడుగంటుతోంది."

తర్వాత ఆ లైనులో గరిటె చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తలుపుకు ఇటు ఒక ఊపిరి, అటు ఒక ఊపిరి.

"హలో" అంది పెద్దది చివరికి.

"హలో. ఎవరు కావాలండీ?"

"ఒసేయ్, ఎగతాళి తర్వాత చేద్దువుగాని. లోపలికి రావచ్చా? ఎర్ర లైటుంది."

"చేతిలో కప్పేమన్నా ఉందా?"

"లేదు."

"చూపించు."

పెద్దది రెండు చేతులూ గాజుపలక దగ్గర పెట్టి వేళ్ళు విప్పి చూపించింది. ఎర్ర లైటు ఆరింది.

లోపలికి వెళ్ళి సంగతంతా చెప్పింది. బిడియం, చొరవ, పెద్దసారు, రేపటి ప్రసంగం. చిన్నది నవ్వు ఆపుకోలేక పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చూసి, బల్లను పట్టుకోకూడదు గనుక వెళ్ళి గోడను పట్టుకుంది.

"చొరవ కూడా పెట్టేదానివా?"

"సగం పెట్టాను."

"అయ్యో, పూర్తి చేసి ఉంటే వాటికి పెళ్ళి కూడా చేసేవాళ్ళం కదే!"

"నవ్వింది చాలు. జంటలు కనబడేలా ఫొటో తీయగలవా, లేదా?"

చిన్నది కళ్ళు తుడుచుకుంది. "తీయొచ్చు. పరమాణువులు మొదటిసారి పోసినన్నే పోస్తాను, నడుమ గుంటకు రెండు మించవు. వెలుతురు కొట్టేముందు ప్రతి గుంట పక్కనా ఇంకో ఖాళీ గుంట తెరవాలి. రెంటి మధ్యా వెలుతురు గోడ మెల్లగా లేపితే జంటలో ఒకటి ఇటు, ఒకటి అటు సర్దుకుంటాయి. విడివిడిగా ఉంటాయి గనుక గుద్దుకోవు. రెండూ కనబడతాయి. కానీ దానికి ఇంకో కిరణం కావాలి, అద్దాలు జరపాలి. ఈ సాయంత్రం నేను చేసుకోవలసిన పని పోతుంది."

"పోగొట్టుకుంటావా?"

"కప్పు."

"ఏ కప్పు?"

"ఏ కప్పో నీకు తెలుసు."

పెద్దది నోరు తెరిచింది. "ఆ బరువుకు ఆ ఉక్కు..."

"బరువు లెక్క వేశావు. బాగానే వేశావు, నేనూ వేసి చూశాను, ఎక్కడా తప్పు లేదు. వేడి లెక్క వేశావా?"

పెద్దది అద్దాల లోహపు కాళ్ళ వైపు చూసింది.

"పొగలు కక్కే కాఫీ తెచ్చి అద్దం కాలికి ఆనించి పెట్టావు. కాలు వేడెక్కింది, సాగింది, అద్దం తల తిప్పుకుంది. కిరణం పోయిందే అని నేను మిగతా అద్దాలన్నీ దానికి తగ్గట్టు సర్దాను. అది చల్లారి మళ్ళీ తన చోటికి వచ్చేసింది. ఇక ఏ అద్దాన్ని నమ్మాలి నేను? మొదట్నించీ కట్టుకొచ్చాను, ఒక్కొక్కటీ."

పెద్దది పెదవులు కదులుతున్నాయి. ఒప్పుకోవడానికి కాదు; ఆమె లెక్క కడుతోంది. కాలు పొడవు, కాఫీ వేడి, లోహం సాగుడు, గది చివరిదాకా కిరణం పోయే దూరం. అన్నీ కలిపి గుణించేసరికి మొహం మారింది.

"ఏం వచ్చింది?" అంది చిన్నది.

"చాలా వచ్చింది."

"చాలా అంటే?"

"నువ్వు నన్ను తిట్టినదానికంటే ఎక్కువ వచ్చింది. నేనే చేశానే. తప్పు నాదే."

ఆ మాట విని చిన్నదాని మొహం చాటంతైంది. వెంటనే కళ్ళు దించుకుని, మర ఒకటి అనవసరంగా తిప్పి, "బోర్డు తుడిచింది నేనే" అంది.

"తెలుసు. గడి ఒక్కటీ వదిలేశావు చూడు, దానికి మాత్రం నేను నిన్ను క్షమించను."

"మూడో వరసలో ప్లస్ పెట్టావు, మైనస్ ఉండాలి. అది చూశాకే తుడవడానికి చెయ్యాడింది."

ఆ మైనస్ సంగతి పెద్దదానికి బోర్డు పోయి లెక్క మళ్ళీ కట్టినప్పుడే తెలిసింది, ఎవరికీ చెప్పలేదు.

"ఆ మూల స్టూలు మీద కూర్చో. చేతులు జేబుల్లో పెట్టుకో. దేన్నీ ముట్టుకోకు. దేని గురించీ ఆలోచించకు కూడా, వేడి పుడుతుంది" అంది చిన్నది.

పెద్దది చేతులు జేబుల్లో పెట్టుకుని కూర్చుంది. గదిలో దీపాలు ఆరాయి. చెల్లెలు చీకట్లో, తన ఇంట్లో తాను తిరిగినట్టు తిరుగుతూ, ఒక అద్దాన్ని వేలి కొనతో తట్టి, ఇంకోదాన్ని ఊపిరంత తిప్పి, కిరణాన్ని దారికి తెస్తోంది. మేకపిల్లను దొడ్లోకి తోలినట్టు, గట్టిగా అదిలిస్తే బెదిరిపోతుందన్నట్టు. పెద్దది ఇన్నాళ్ళూ కాగితం మీద ఒక్క అక్షరంతో రాసి పారేసిన గోడను చెల్లెలు అక్కడ నిజంగా లేపుతోంది. మొదటి ఫొటో మసక. రెండోదీ అంతే. చిన్నది పళ్ళు నూరింది. పెద్దది జేబుల్లో పిడికిళ్ళు బిగించింది, సాయం చేద్దామన్నా చేతకాని పని.

ఆ తర్వాతి ఫొటో స్క్రీన్ మీద విచ్చుకుంది.

అంచున ఒంటరి చుక్కలు. లోపల, ఇన్నాళ్ళూ చీకటిగా ఉన్న నట్టనడుమ, జంటలు జంటలుగా, వరసలు వరసలుగా, సంతలో జనంలా కిక్కిరిసిన వెలుగు.

"ఇన్ని ఉన్నాయటే!" అంది పెద్దది. ఉంటాయని లెక్క కట్టింది తనే. అయినా ఆ మాట ఆమె నోటి నుంచి తిరునాళ్ళకు మొదటిసారి వచ్చిన పిల్లలా వచ్చింది.

మర్నాడు ఉదయం పెద్దసారును ముందుగా పట్టుకుని చెప్పాలని పెద్దది ఎంతో చూసింది. ఆయన అతిథుల మధ్య నుంచి ఊడి రాలేదు. ఆమె వైపు చెయ్యి ఊపి, గుండె మీద చెయ్యి వేసుకుని, బిడియం అన్నట్టు తల వంచి అభినయించాడు. హాల్లో ఆమెను పరిచయం చేస్తూ కూడా ఆ పేరే అన్నాడు, అన్న ప్రతిసారీ మురిసిపోయాడు. చిన్నది వెనక వరసలో కూర్చుని ఉంది.

పెద్దదానికి రెండు దారులున్నాయి. బిడియాన్ని దర్జాగా చెప్పేసి కొలువు నిలబెట్టుకోవచ్చు. ఆ తప్పు ఎవరి కంటైనా పడేసరికి ఎన్నాళ్ళు పడుతుందో. లేదా ఉన్నదున్నట్టు చెప్పి పోగొట్టుకోవచ్చు. ఆమె మొదటి ఫొటో చూపించింది. బిడియం పదం చూపించింది. అంకె తిప్పితే ఎంత ముచ్చటగా కుదిరిందో చూపించింది. హాల్లో తలలు మెచ్చుకోలుగా ఊగాయి.

"ఈ పదం పుట్టించింది నేనే" అంది. "ఇది పరమాణువుల బిడియం కాదు, నాది. కింది అంతస్తుకు వెళ్ళి ఒక్క మాట అడగడానికి నేను బిడియపడ్డాను. ఇప్పుడు అసలు సంగతి చూడండి."

జంటల ఫొటో పడింది. హాల్లో ఎవరో "అబ్బ!" అన్నారు. దాని పక్కన ఏ అతుకూ లేని తన పాత లెక్క పెట్టింది. ఒకటి, రెండు. ఆ లెక్కలో ఫొటో, బొత్తం కాజాలో దూరినట్టు కూర్చుంది.

పెద్దసారు మొహం చూడడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. అతిథుల్లో అందరికంటే పెద్దావిడ, కళ్ళజోడు ముక్కు కొసకు దించుకుని, అడిగింది:

"ఆ పదం అంత బాగా కుదిరింది కదమ్మా. నీ చేత్తో నువ్వే ఎందుకు చంపుకున్నావు?"

"నిన్న మధ్యాహ్నం దానికో తమ్ముడు పుట్టబోయాడండీ. అప్పుడు భయమేసింది."

ముందు నవ్వింది ఆ పెద్దావిడే. పెద్దసారు అందరికంటే ఆలస్యంగా నవ్వాడు, కానీ నవ్వాక ఆపలేదు. బయటికొచ్చాక పెద్దదాని చెవి దగ్గర వంగి, "పేరు మాత్రం బాగుంది కదా, అమ్మాయ్? ఇంకెక్కడైనా వాడుకుందాం" అన్నాడు.

కొలువు నిలబడింది. మూడేళ్ళకు కాదు, రెండేళ్ళకు. అది కూడా ఒక షరతు మీద. వారంలో ఒక రోజంతా పెద్దది నేలకింది గదిలో పనిచేయాలి. ఆ షరతు పెట్టింది కళ్ళజోడు పెద్దావిడ. విన్నాక చిన్నది తన షరతు తాను పెట్టింది: కాఫీ తలుపు బయటే.

ఆ సాయంత్రం బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఇల్లు చేరేదాకా వాదించుకుంటూనే ఉన్నారు. జంటల ఫొటో మీద రాయబోయే వ్యాసంలో ఎవరి పేరు ముందుండాలన్నది తగువు. లెక్క నాదంటుంది పెద్దది. వెలుగు నాదంటుంది చిన్నది. బస్సు దిగినా తెగలేదు, చెప్పులు విప్పినా తెగలేదు. మసక చీకట్లో వంటింట్లోకి దూరి, ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని, దాని వెలుతురులో ఒకరి మొహం మీద ఒకరు వేళ్ళాడిస్తున్నారు.

చప్పుడు విని అమ్మ వచ్చి లైటు వేసింది.

ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు, నోరూ ఆపలేదు.

"అమ్మా, నువ్వు చెప్పు దీనికి!" అంది పెద్దది.

"అమ్మా, ముందు దానికి చెప్పు!" అంది చిన్నది.

అమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. ఫ్రిజ్ తలుపు మూసింది. "ఎక్స్‌చేంజీ మూసేశాను" అంది. "మాటల్లేనప్పుడే ఇల్లు హాయిగా ఉండేది. పేర్లు అక్షరాల వరసలో పెట్టుకుని చావండి, అలాగైతే మీ ఇద్దరికంటే ముందు అమ్మ పేరే వస్తుంది."